చక్రంలో ఆకులు

"ఆకులు మంచిగ పెట్టిండ్రు సార్" అని ఆయన నన్ను మెచ్చుకున్న రోజున, వాటిని పెట్టింది నేను కాదని చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. "థాంక్స్ అన్నా" అన్నాను. ఆయన చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, వైరు వేలికి చుట్టుకుంటూ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. లిఫ్టు వచ్చింది. ఎక్కేశాను.

అది జరిగి మూడేళ్లు. ఈ వానాకాలం ఆయన పోయాడు. ఆయన గురించి చెప్పడానికి నాకంటే దగ్గరివాళ్లు చాలామంది ఉంటారు. కానీ ఆయన మీద పడిన ఒక తప్పు నిజానికి ఎవరిదో తెలిసినవాణ్ణి నేనే. అందుకని రాస్తున్నాను.

మాదాపూర్‌లో మా ఆఫీసున్న భవనానికి ఆయన గేటు దగ్గర సెక్యూరిటీ. పేరు రాయను. యూనిఫాం మీద పేరుపట్టీ ఉండేది గానీ అది ఆయన పేరు కాదు, అంతకుముందు ఆ చొక్కా తొడుక్కున్న మనిషిది. చేరిన కొత్తలో నేను ఆ పేరుతోనే పిలిచాను. పలికాడు. రెండు వారాల తర్వాత ఎవరో చెబితే తెలిసి, "అన్నా, మరి చెప్పరేం?" అని అడిగితే, "చొక్కా సరిపోయింది సార్. పేరు సరిపోకుంటే ఏమాయె" అన్నాడు.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. నిలబడ్డప్పుడు రెండు చేతులూ వెనక కట్టుకునేవాడు. మాట్లాడటం మొదలుపెడితే మాత్రం ఆ చేతులు ముందుకొచ్చేసేవి. చేతుల్లేకుండా ఆయనకి మాట రాదు. ఇంకో సంగతి, ఏదైనా మొదటినుంచి చెప్పాలి. ఒకసారి ఇంటర్వ్యూకి వచ్చిన అమ్మాయి ఐదో అంతస్తుకి ఎలా వెళ్లాలని అడిగింది. "ఈడ పెద్ద బండ ఉండె బిడ్డా. దాన్ని పేల్చేటందుకే ఆర్నెల్లు పట్టింది. గా బండ వల్లనే లిఫ్టు గా మూలకు పోయింది..." అని అందుకున్నాడు. ఆ పిల్ల గడియారం చూసుకుంటోంది. వెనక క్యాబ్ డ్రైవరు హారన్ మీద హారన్ కొట్టి, "అన్నా, ముందుగాల గేటు తియ్యి, కత తర్వాత చెప్దువు!" అని అరిచాడు. గేటు తీశాడు. కథ ఆపలేదు.

"కింది నుంచి చెప్తెనే మీదిది సమజైతది సార్" అనేవాడు నాతో. నేను నవ్వి వెళ్లిపోయేవాణ్ణి.

వానొస్తే ఆయన అసలు ఉద్యోగం మొదలయ్యేది. గేటు నుంచి మెట్ల దాకా ముప్పై అడుగులు, మధ్యలో పైకప్పు లేదు. బిల్డింగువాళ్ల పెద్ద గొడుగు ఒకటుండేది. ఒక్కొక్కరినీ దాని కిందకి తీసుకుని మెట్ల దగ్గర వదిలి మళ్లీ వెనక్కి పరుగెత్తేవాడు. గొడుగు మొత్తం అవతలి మనిషి మీదే ఉండేది. ఆయన కుడి భుజం ఎప్పుడూ తడిసే ఉండేది. "రాజుకు గొడుగు, బుద్ధునికి గొడుగు, సాఫ్ట్‌వేర్ సార్లకు గొడుగు" అని నవ్వేవాడు. బుద్ధుడు ఎందుకొచ్చాడో నేనప్పుడు పట్టించుకోలేదు.

మాది సాఫ్ట్‌వేర్ కంపెనీ అనుకునేవాడు గానీ, మేం చేసేది ఆడియో గైడ్లు. పాత కట్టడాలు చూడ్డానికి వెళ్లినవాళ్లు ఫోన్లో బటన్ నొక్కితే చరిత్ర వినిపిస్తుంది చూడండి, అవి. తెలుగు పాఠం రాయడం నా పని. ఆ ఏడు నల్గొండ వైపున గుట్ట మీద ఉన్న ఒక పాత బౌద్ధ స్తూపం పని నాకు వచ్చింది. స్తూపం, దాని పక్కన భిక్షువుల గదులు, చిన్న చిన్న స్తూపాలు మరికొన్ని. తవ్వి చాలా ఏళ్లయింది. ఒక మధ్యాహ్నం గేటు పక్క బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ ఆ స్థలం పటం ప్రింటు చూస్తున్నాను. ఆయన నా ఎదురుగా నిలబడి ఉన్నాడు. అంటే పటం ఆయనకి తలకిందులుగా కనిపిస్తోంది.

"సార్, ఇది మా గుట్ట గదా" అన్నాడు.

నేను తలెత్తాను. వేలు చాపి, "గిది మెట్లు. గిది మేకలు పడుకునే జాగ. గీడ్నించి జారుతుంటిమి మేము" అన్నాడు. మెట్లు నిజంగానే అక్కడున్నాయి.

ఆ గుట్ట కింద ఊరు ఆయనది. వరసగా మూడు మధ్యాహ్నాలు భోజనం వేళ ఆయన చెప్పాడు, నేను ఫోన్లో రికార్డు చేశాను. అంతా కింది నుంచే. మొదట నేల, తర్వాత మట్టి, తర్వాత ఇటుక. తన టిఫిన్ డబ్బా మూత బల్ల మీద బోర్లించి "ఇది స్తూపం" అన్నాడు. విజిటర్ల రిజిస్టరు దగ్గరి పెన్నులు తెచ్చి మూతకి ఒక పక్కన స్తంభాల్లా ఐదు వరసగా పరిచాడు. "నాలుగు దిక్కుల ఐదేసి కంబాలు సార్. పుట్టుడు ఒకటి, ఇల్లు ఇడుసుడు ఒకటి, జ్ఞానం ఒకటి, మొదటి పాఠం చెప్పుడు ఒకటి, పోవుడు ఒకటి. బుద్ధుని బతుకంత ఐదు కంబాలల్ల అయిపోయింది. మీదికెల్లి గొడుగు." అప్పుడు నాకు ఆ గొడుగు ఎక్కడిదో తెలిసింది.

తవ్వకముందు దాన్ని ఊళ్లో అందరూ దిబ్బ అనేవాళ్లట. మూరెడు పొడుగు ఇటుకలు దొరికితే పాండవులు కాల్చినవనేవాళ్లు. బావుల ఒరలకి, గొడ్ల చావిళ్లకి అవే. బొమ్మలు చెక్కిన తెల్లరాళ్లని ఎవరో సున్నం బట్టీలో కాల్చేశారట, ఆయన తాత చూశాడట. ఆ తర్వాత డేరాలు వేసుకుని తవ్వేవాళ్లు, వాళ్లకి పైన ఒక పెద్దసారు వచ్చారు. ఊరి ఆడవాళ్లు తట్టలు మోయడానికి వెళ్లారు. అందులో ఆయన తల్లి ఒకామె. అప్పటికి ఆయనకి ఐదేళ్లు, తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టి వెళ్లేదట.

ఆమె దగ్గరికి రాగానే ఆయన గొంతు మారింది. అందుకే ఇప్పుడు చెప్పబోయేది నాకు మాట మాటా గుర్తుంది.

"దిబ్బ మీది మట్టి తీస్తుంటే గోడలు తేలినయ్ సార్. పెద్దసారు గవి అర్రలు అనుకున్నడు, అయ్యగార్లు పండుకునే అర్రలు. ఇంకా సగం గూడ తియ్యలే. మా అమ్మ మట్టి పారబోసేటందుకు పెద్ద కుప్ప మీదికి ఎక్కుతది గద. మీదికెల్లి చూసింది. మా అమ్మ తండ్రి వడ్ల పని, కట్టె పని చేసెటోడు, బండ్లు చేసెటోడు. చూసుడు చూసుడే, 'అర్రలు కావయ్యా, బండి చక్రం లెక్కుంది. గది కుంభం, గవి ఆకులు, గది పూటీ' అన్నదట. పెద్దసారు కుప్ప ఎక్కిండు. చూసిండు. టోపీ తీసి నెత్తి గోక్కున్నడు. 'ఏ ఊరమ్మా నీది' అన్నడట. 'గిదే ఊరయ్యా, ఇంకేడ' అన్నదట మా అమ్మ."

ఆ సాయంత్రమే ఆమె ఇంటికెళ్లి పొయ్యి పడగొట్టిందట. పొయ్యికి మూడు ఇటుకలు ఆ దిబ్బవే. ఒకదాని మీద, పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో గీసిన మూడు వేళ్ల గీతలుండేవట. మూడూ తట్టలో పెట్టుకుని తీసుకెళ్లి గుట్ట మీద పెట్టేసి వచ్చింది. "మూడు దినాలు అమ్మమ్మ ఇంట్ల తిన్నం సార్. మా నాయన ఒక్కటే తిట్టుడు. 'వాళ్ల చక్రం దొరికింది, మా కూడు పోయింది' అని."

చివర్లో ఒకటి అడిగాడు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే.

"మా అమ్మ మాట ఒక్కటి పెట్టుండ్రి సార్. పేరొద్దు. తట్ట మోసే ఒకామె మీదికెల్లి చూసి చెప్పింది, అంతే అనుండ్రి. ఆమె పోయింది. గా గుట్ట మీద ఆమె మాట ఒక్కటి ఉంటే..." అని ఆగాడు. తప్పకుండా పెడతానన్నాను. నిజంగానే పెట్టాలనుకున్నాను.

ఇక నా తప్పు.

నేను పుట్టి పెరిగింది కూకట్‌పల్లిలో, హౌసింగ్ బోర్డు కాలనీలో. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. ఎద్దులబండిని నేను కేలెండర్లలో చూశాను గానీ దాని చక్రంలో ఏ భాగాన్ని ఏమంటారో నాకు తెలియదు. రికార్డింగు విని రాయడానికి కూర్చున్నప్పుడు "బండి చక్రం" అన్నది ఊరికే పోలిక, అసలు సంగతి ధర్మచక్రం అనుకున్నాను. "ఆకులు" అనగానే ఆకులే అనుకున్నాను. బుద్ధుడు, ఆకులు. ఇంకేముంది? "స్తూపం గర్భంలో ఇటుకలతో రావి ఆకుల ఆకృతులు పేర్చి, వాటి నడుమ మట్టి నింపారు. జ్ఞానోదయమైన రావిచెట్టుకి ఇది సంకేతం" అని రాశాను. తట్ట మోసే స్త్రీ పై నుంచి చూసి ఆ రావి ఆకుల్ని గుర్తుపట్టిందని కూడా రాశాను. రాసి, బాగా వచ్చిందని మురిసిపోయాను. గేటు దాకా దిగి వెళ్లి "అన్నా, ఆకులంటే ఏ ఆకులు?" అని అడగడానికి రెండు నిమిషాలు పట్టేది.

రివ్యూ మీటింగుకి రిటైరైన చరిత్ర మేష్టారు ఒకాయన వచ్చారు. నా పేజీ దగ్గర కళ్లజోడు తీసి, "ఈ రావి ఆకులు ఎక్కడివండీ? తమలపాకులూ, వక్కలూ కూడా పెట్టేవాళ్లా?" అన్నారు. గదిలో అందరూ నవ్వారు.

"అక్కడి మనిషే చెప్పాడండీ" అన్నాను. "తవ్వకాల్లో పని చేసిన కూలి కొడుకు. నేను ఆయన మాట యథాతథంగా తీసుకున్నాను."

మేష్టారు జాలిగా తలూపారు. "పాపం, వాళ్లకేం తెలుస్తుందిలెండి" అని, మార్కర్ తీసుకుని బోర్డు మీద ఒక చక్రం గీశారు. మధ్యలో కుంభం, బయట పూటీ అనే వలయం, రెంటినీ కలుపుతూ అడ్డగోడలు. "బండి చక్రంలో ఈ అడ్డ కర్రల్ని ఆకులంటారండీ. మన దిక్కు స్తూపాలు చాలావరకు ఇలాగే కట్టారు. ఊరికే మట్టి పోస్తే నాలుగు వానలకి జారిపోతుంది. ఈ ఆకుల నడుమ గళ్లలో మట్టి కూరితే గుమ్మటం నిలబడుతుంది" అన్నారు.

ఆ క్షణంలో నాకు అర్థమైంది. తప్పు విన్నది నేను, ఆయన చెప్పింది సరిగ్గా ఇదే. నోరు తెరిచి ఆ మాట చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. మా టీమ్ లీడు అప్పటికే కంప్యూటర్‌లో ఆ పేరా మీద ఎర్రరంగు పూస్తోంది. "సోర్సు నమ్మేలా లేదు కదా, ఆ లోకల్ కథ మొత్తం తీసేద్దాం. ఆకుల సంగతి సార్ చెప్పినట్టు రాయండి" అంది. సరే అన్నాను. తల్లి మాట అలా పోయింది.

గేటు పక్కనే ఉన్న పార్కింగుకి దిగాను. మాదాపూర్‌లో ఎప్పుడూ ఏదో ఒకటి కడుతుంటారు కాబట్టి నా కారు మీద ఎప్పుడూ దుమ్ము ఉంటుంది. బానెట్ మీద ఆ దుమ్ములో, వేలితో గీసిన చక్రం ఉంది. మధ్యలో చిన్న గుండ్రం, చుట్టూ పెద్ద గుండ్రం, నడుమ తిన్నటి గీతలు. మొదటి మధ్యాహ్నం నా కారు పక్కన నిలబడి ఆయన చెబుతూ చెబుతూ గీసింది. ఆ రోజు నేను దానివైపు చూడలేదు, ఫోన్‌లో రికార్డింగు నడుస్తోందో లేదో చూసుకుంటున్నాను. పది రోజులుగా ఆ చక్రాన్ని కూకట్‌పల్లికీ మాదాపూర్‌కీ మోసుకు తిరుగుతున్నాను.

మర్నాడు వాన పడింది. బానెట్ కడిగినట్టయిపోయింది. గేటు దగ్గర దిగగానే ఆయన గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. ముప్పై అడుగులు. పదో అడుగు దగ్గర అడిగాడు.

"సార్, అమ్మ మాట ఓకే అయిందా?"

"తీసేశారన్నా" అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "నిడివి ఎక్కువైందట" అన్నాను.

మెట్ల దగ్గరికి వచ్చాక గొడుగు నా మీదే పట్టి ఉంచి, "నేనే జర పొడుగు చెప్పిన కావచ్చు సార్" అన్నాడు. "నాకు గదో అలవాటు. మీరు ఫికర్ చేయకుండ్రి."

ఆ తర్వాత ఆయన మాట మారింది. ఇది నేను వెంటనే గమనించలేదు, గమనించనట్టు ఉండటమే నాకు నయంగా ఉంది. దారి అడిగినవాళ్లకి "ఐదో అంతస్తు. లిఫ్టు గా మూలకు" అని చెప్పేవాడు. బండ లేదు, పేల్చడం లేదు. క్యాబ్ డ్రైవర్లు సైతం "ఏందన్నా, కతలు బందు పెట్టినవ్?" అని ఏడిపించేవాళ్లు. నాతో ఏదైనా మొదలుపెడితే, మధ్యలో తనే చెయ్యి అడ్డం పెట్టుకుని, "పొడుగు కాదు సార్, జరంతనే" అనేవాడు. చెప్పబోయేదాంట్లో సగం మింగి, చేతులు వెనక్కి కట్టేసుకునేవాడు.

గైడు విడుదలయ్యాక ఫోన్లో మొత్తం విన్నాడు. "బండి చక్రానికి ఆకుల్లా ఇటుక గోడలు" అన్న మేష్టారి వాక్యం దగ్గర ఆయన మొహం వెలిగిపోయి ఉంటుంది. లిఫ్టు దగ్గరికి వచ్చి మరీ నాకు చెప్పిన మాట మొదట్లోనే రాశాను. ఆ వాక్యం ఎలా వచ్చిందో, దాని పక్కన ఉండాల్సిన వాక్యం ఎలా పోయిందో ఆయనకి తెలియదు. ఆ తర్వాత మూడేళ్లు వారానికి ఐదు రోజులు ఆ గేటు దాటాను. రేపు చెబుదాం అనుకోవడం నాకు అలవాటైపోయింది.

ఈ జులైలో ఒక పొద్దున గట్టి వాన. గేటు దగ్గర కారు దిగి నిలబడ్డాను. ఎవరూ గొడుగు పట్టుకుని రాలేదు. కొత్తగా చేరిన అతను సెక్యూరిటీ గదిలోంచి తొంగిచూసి, "ఉరకుండ్రి సార్, ముప్పై అడుగులే!" అన్నాడు. నేను ఆ గదిలోకే వెళ్లి, పాతాయన ఏడని అడిగాను.

"ఆయన పోయిండు సార్. పదిహేను దినాలైతుంది. ఊర్లకు పోయినంక గుండెల నొప్పి లేసిందట. దవాఖానకు తీస్కపోయేలోపలనే."

పదిహేను రోజులు. ఆయన లేడన్న సంగతి నేను గమనించడానికి వాన పడాల్సి వచ్చింది.

ఆ వారమే మా ఆఫీసులో జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. సోర్సులో తప్పు లేదనీ, తప్పు నా చెవిదనీ, తీసేసిన మాట మళ్లీ చేర్చమనీ. వచ్చే మార్పుల్లో చూద్దామన్నారు. చేరుస్తారో లేదో తెలియదు. అందాకా ఆ గుట్ట మీద వినిపించాల్సిన నాలుగు ముక్కలు ఇక్కడ రాస్తున్నాను: ఈ స్తూపం మట్టిదిబ్బగా ఉన్న రోజుల్లో, సగం తవ్విన గోడల్ని చూసి గదులనుకున్నారు. తట్టతో మట్టి మోస్తున్న ఈ ఊరి స్త్రీ ఒకామె, బండ్లు చేసే వడ్రంగి కూతురు, మట్టికుప్ప మీద నుంచి చూసి అది చక్రమని మొదట చెప్పింది. తన పొయ్యిలోని మూడు ఇటుకలు తెచ్చి ఇక్కడే పెట్టింది.

చదవడానికి అర నిమిషం కూడా పట్టదు.

కొత్తతన్ని అడిగి అడ్రసు తీసుకున్నాను. మియాపూర్‌లో బస్సు డిపో వెనక గల్లీ, కిరాయి గది. కర్మలన్నీ అయి ఆయన భార్య తిరిగొచ్చి హాస్టల్లో పనికి వెళ్తోందని చెప్పాడు. ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. గడపలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఫలానా ఆఫీసు నుంచి అని చెప్పేసరికి చేతులు ఆపి, నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆకుల సారా మీరు?"

నాకు అర్థం కాలేదు.

"గట్లనే అంటుండె. మా ఆకుల సారు, మా ఆకుల సారు అని. మా ఊరి మాట ఫోన్ల పెట్టిండని ఈ గల్లీల అందరికీ వినిపిచ్చిండు. కూసోండ్రి సార్." పీట జరిపింది.

కూర్చున్నాను. ఆమెకి వినిపించాలనే తెచ్చాను కాబట్టి, ఫోన్ తీసి ఆ మూడు మధ్యాహ్నాల రికార్డింగు పెట్టాను. హారన్లు, ఎవరో గేటు తట్టడం, ఆ వెనక ఆయన గొంతు. "కింది నుంచి చెప్తెనే మీదిది సమజైతది సార్. ముందుగాల నేల జూడుండ్రి..." ఆమె కదల్లేదు. దిబ్బ అయింది, ఇటుకలు అయ్యాయి, ఐదు స్తంభాలు అయ్యాయి. పొయ్యి పడగొట్టిన దగ్గర ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఆపబోతే, "ఆపకుండ్రి, నడవనీయుండ్రి" అంది. కాసేపటికి ఫోన్‌వైపు చూస్తూనే అంది:

"గింతసేపు మాట్లాడిండా మీతోని? ఈ మూడేండ్లు ఇంట్ల గూడ సగం మాట చెప్పి ఆగుతుండె. ఏందయ్యా, చెప్పు అంటే, 'నేను పొడుగు చెప్తనే. గందుకే అమ్మ మాట పోయింది' అంటుండె."

అప్పటిదాకా నేను క్షమాపణ అడగాల్సింది ఒక వాక్యం గురించే అనుకున్నాను.

చెప్పాను. రావి ఆకులు, మీటింగు, నవ్వులు, కూలి కొడుకు చెప్పాడని నేనన్న మాట, గొడుగు కింద చెప్పిన అబద్ధం. ఏదీ దాచకుండా, ఆయన చెప్పినట్టే కింది నుంచి చెప్పాను. ఆమె మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. రెండు మూడు ఒలిచాక అంది:

"గీ ముచ్చట ఆయనకే చెప్పకపోతిరి సార్? కోపం జేసెటోడు కాదు. 'చక్రానికి ఆకులుంటయని సారుకు తెల్వదే' అని నవ్వి, మల్లొక్కసారి మొదటికెల్లి చెప్పెటోడు."

ఫోన్లో ఆయన ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

"తెలియదక్కా" అన్నాను. "తెలియదని ఒప్పుకోలేక ఆయనకి తెలియదన్నాను. ఆయన పొడుగు చెప్పలేదు, చెప్పాల్సినంతే చెప్పాడు. మీ అత్తగారి మాట పోయింది నా వల్ల, ఆయన మాట ఆగిపోయింది నా వల్ల. ఆయనకి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. నన్ను క్షమించండి."